చిల్లుల మూత

పానా అక్క చేతి దెబ్బ రుచి చూడని డ్రైవరు ఆ క్వారీ దారిలో లేడని చెప్పుకునేవారు. అందులో కొంత అతిశయోక్తి ఉంది గానీ అబద్ధం లేదు. అరిగిపోయిన టైరు మీద బరువెత్తుకొచ్చినవాణ్ణి ఆమె ముందు తిట్టేది. ఆ తిట్టుకు వాడు నవ్వితే కొట్టేది. యాభై దాటిన మనిషి. మోచేతి కిందిభాగం మగవాడి పిక్కంత ఉండేది. తండ్రి పెట్టిన పేరు ఒకటి ఉండేది కానీ అది ఆమెకే తప్ప ఎవరికీ గుర్తులేదు. నట్లు బిగించే పొడవాటి పానా ఎప్పుడూ చేతిలో ఉంటుంది కాబట్టి లోకం ఆ పేరే ఖాయం చేసింది.

క్వారీ గుట్ట మీదినుంచి దిగే రోడ్డు చివరి మలుపు తిరిగి చదునైన నేలకు చేరేచోట ఆమె టైర్ల షెడ్డు. నూనె ఇంకి ఇంకి నల్లబడ్డ నేల, మూడు గోడలు, పైన రేకులు. ఒక పక్క కంప్రెసరు, రెండో పక్క ఇనుప కడ్డీల బోను, వెనక పాత టైర్లు పేర్చిన కొట్టు, దాన్ని ఆనుకుని ఆమె, కూతురు, అల్లుడు ఉండే రెండు గదులు. గదుల్లో వండిన అన్నానికి సైతం రబ్బరు వాసన పట్టేదని అల్లుడు ఫిర్యాదు చేసేవాడు.

ఆ షెడ్డుకు వచ్చేవన్నీ బరువు పికప్ బండ్లే. వెనక ఇరుసుకు రెండువైపులా జోడు చక్రాలున్నవి. రాయి, యంత్రాలు, నీళ్ళ ట్యాంకులు మోసేవి. వాటి రోగాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. జోడు టైర్ల నడుమ రాయి ఇరుక్కుని పక్కలు కోసేయడం, రిమ్ము పగలడం, ఒక టైరులో గాలి దిగిపోయి రెండోది కాలిపోవడం. "జోడు టైర్లంటే కాపురం లాంటిదిరా. ఒకళ్ళు గాలి దిగి కూర్చుంటే బరువంతా రెండోవాళ్ళ మీద పడుతుంది. చివరికి పగిలేది మోసినవాళ్ళే," అని ఆమె డ్రైవర్లకు చెప్పేది. భర్త గాలి దిగి ఎటో వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాళ్ళు తలొంచుకుని వినేవారు.

షెడ్డు వేసినవాడు ఆమె తండ్రి. ఆ రోజుల్లో చక్రానికి ఇనుప రింగు విడిగా ఉండేది. టైరు ఎక్కించాక ఆ రింగును గాడిలో కొట్టి కూర్చోబెట్టి, ఆపైన గాలి పట్టేవారు. ఒక మధ్యాహ్నం తుప్పు పట్టిన రింగు గాడిలో సరిగా కూర్చోలేదు. ఆయన చక్రం మీదికి వంగి గాలి పడుతూ ఉన్నాడు. ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. రింగు లేచి ఆయన ముఖాన్ని పట్టుకుపోయింది. పక్కనే నిలబడిన పదహారేళ్ళ పిల్లకు ఆ చప్పుడుతో ఎడమ చెవి పోయింది. రేకుల మీద అంటుకున్నదాన్ని నిచ్చెనెక్కి కడిగింది ఆమే. కొన్నాళ్ళకు షెడ్డు మళ్ళీ తెరిచిందీ ఆమే.

తెరవగానే చేయించిన మొదటి పని ఆ ఇనుప బోను. ఏ చక్రానికైనా అందులో పెట్టే గాలి పట్టాలి. తొందర పడి బయట గాలి పట్టబోయిన ఒక డ్రైవరు వేలు ఆమె పానాతో విరగ్గొట్టింది. వాడు ఏడుస్తూ, "వేలు విరిచావేంటక్కా!" అంటే, "తల మిగిల్చాను కదరా," అంది. కళ్ళముందు జరిగిన చావుకు అంత కట్టుదిట్టమైన కాపలా పెట్టుకున్న మనిషి, కంటికి కనిపించని చావుకు తలుపు బార్లా తీసి పెట్టిందన్న సంగతి ఆమెకు గానీ, ఆ దారిన తిరిగే మరెవరికి గానీ చాలాకాలం తెలియలేదు.

తండ్రినుంచి ఆమెకు వచ్చిన రెండో అలవాటు రంగు. చక్రం విప్పినప్పుడల్లా తుప్పు గీకి, ఎర్ర రంగు వేసి పంపడం ఆయన పద్ధతి. ఎర్ర చక్రమంటే ఆ షెడ్డు చక్రమే. ఆయన ఆ పని తెల్లవారుజామునే ముగించేవాడు. ఆమె నిద్ర లేచి వచ్చేసరికి చక్రాలు గోడకు ఆనించి ఎండలో ఆరుతూ కనిపించేవి. వేస్తుండగా ఆమె ఏనాడూ చూడలేదు. ఆయన పోయాక తనే మొదలుపెట్టింది. ఆయన కంటే శ్రద్ధగా చేయాలనుకుంది. పైవైపు, లోపలివైపు, గోరంత చోటు వదలకుండా వేసింది. తరవాత కుంచె పోయి రంగు చిమ్మే గన్ను వచ్చింది. ఒక పూత మీద ఇంకో పూత, దట్టంగా పడేది. చూసినవాళ్ళు మెచ్చుకునేవారు.

మూడో నియమం కూడా ఒకటుంది. చక్రం బిగించిన బండి ఒక ట్రిప్పు బరువు మోసి మళ్ళీ షెడ్డుకు రావాలి. నట్లు ఇంకోసారి బిగించాలి. ప్రతిసారీ నట్టు సగం చుట్టు తిరిగేది. "కొత్త కోడలూ కొత్త నట్టూ ఒక్కపూటలో సర్దుకోవు," అనేది ఆమె. మళ్ళీ బిగించడం మంచి నియమమే, ఏ పనిమంతుడూ కాదనడు. కానీ ప్రతి చక్రానికీ ఆ సగం చుట్టు ఎందుకు వస్తోందని ఆమె అడిగి ఉండాల్సింది. అడగలేదు.

అల్లుడు ఆమె తెచ్చుకున్నవాడు కాదు, కూతురు తెచ్చుకున్నవాడు. ఏదో షెడ్డులో ఫిట్టరుగా చేస్తూ, టైర్లు కొనడానికి వచ్చి, టైర్లతోపాటు కూతురి మనసు కూడా బేరమాడుకున్నాడు. బక్కపలచటి మనిషి. ఈల వేస్తూ పని చేస్తాడు. అత్తగారికి ఆ ఈల చెవిటి చెవిలో కూడా వినిపించేది. పనిలో వాడి తప్పు ఎప్పుడు దొరుకుతుందా అని ఆమె కాచుకుని ఉండేది.

ఆ వేసవిలో క్వారీకి నీళ్ళు మోసే పికప్ వెనక చక్రాలు మార్పించుకోవడానికి వచ్చింది. అల్లుడు రంగు గన్ను పట్టుకుని లోపలివైపు తిప్పిన చక్రం ముందు నిలబడ్డాడు.

"అత్తా, ఇటువైపు కూడా ఎందుకు? ఇటు చూసేది ఇరుసొక్కటే."

"చూసేవాళ్ళ కోసం పని చేసేవాడివి నువ్వు. నేను కాదు."

"అది కాదత్తా. మొహానికి పౌడరేసుకునేవాళ్ళు వీపుక్కూడా వేసుకుంటారా అని."

కంప్రెసరు దగ్గర కూర్చున్న కూతురు కిసుక్కున నవ్వింది. ఇనుప బ్రష్షు గాల్లో ఎగిరొచ్చి అల్లుడి కనుబొమ తెంపింది. రక్తం కంట్లోకి కారుతుంటే వాడు చొక్కా అంచుతో ఒత్తుకున్నాడు.

"నీ మొగుడి నోటికి కూడా నట్లు బిగించవే," అంది పానా అక్క కూతురితో.

"బిగిస్తూనే ఉన్నానమ్మా. నీ నట్ల లాగే మళ్ళీ వదులవుతోంది."

పౌడరు మాట వాడు తెలివితో అన్నది కాదు, బద్ధకంతో అన్నది. అయినా ఇంకో పూత వేశాడు. ఆపైన గ్రీజు డబ్బా మూత తీయబోయి, దాన్ని ఎత్తి ఎండకు పట్టి చూశాడు. గుండ్రటి మందపాటి రేకు, అంచు వెంబడి చిల్లులు.

"ఈ జల్లెడ పారేసి మంచి మూత తెస్తానత్తా. ఈ చిల్లుల్లోంచి దుమ్మంతా గ్రీజులోకే పోతోంది."

"అది మా నాన్న చేతిపని. దాని జోలికెళ్తే చెయ్యి విరగ్గొడతా."

"మూతకి చిల్లులు పెట్టిన మహానుభావుడు!" అని గొణుక్కుంటూ వాడు మూత ఎక్కడిదక్కడ పెట్టేశాడు. నీళ్ళబండి డ్రైవరు బండెక్కుతుంటే పానా అక్క కేకేసింది: "ఒక ట్రిప్పేసి మళ్ళీ రా. నట్లు చూడాలి."

"వస్తానక్కా," అన్నాడు డ్రైవరు. రాలేదు. వెనకనుంచి టకటకమని చప్పుడు మొదలైంది. జోడు చక్రాల మధ్య రాయి ఇరుక్కుంటే కూడా అలాగే చప్పుడవుతుంది కాబట్టి, రాయే అనుకున్నాడు. అనుకోవడం సులువు కాబట్టి అనుకున్నాడు. క్వారీవాళ్ళు పట్టేదానికి మించిన ట్యాంకు పెట్టారు. ఇవన్నీ తరవాత విచారణలో బయటికొచ్చిన సంగతులు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, గుట్ట దిగుతుండగా నీళ్ళబండి వెనక కుడివైపు బోల్టులు తెగాయి. లోపలి చక్రం బండి కిందే ఇరుక్కుంది. పైచక్రం విడిపోయి, బండిని దాటి, ఏటవాలు మీద ఎర్రగా దొర్లుతూ, ప్రతి గతుకుకూ మనిషెత్తు లేస్తూ దిగింది. కింద లారీలు తూచే కాటా ఉంది. కాటా మనిషి అప్పుడే తన గది అద్దం తుడవడానికి బయటికి వచ్చాడు. దారిన పోయే ప్రతి డ్రైవరునూ ఏదో ఒక పరాచికం ఆడకుండా వదలనివాడు. అద్దంలో వెనకనుంచి వస్తున్నది కనిపించి ఉండాలి, ఎందుకంటే అటువైపు తిరిగి నిలబడ్డాడు. చక్రం రొమ్ము మీద కొట్టి, గోడకు నొక్కి, గోడతో సహా లోపలికి తోసేసింది. ఇటుకలు తీసినవాళ్ళకు అతని చేతిలో తుడుపుగుడ్డ మిగిలి ఉంది, రొమ్ము మిగల్లేదు.

కబురు షెడ్డుకు చేర్చినవాడు బండి ఆపకుండానే అరిచాడు: "అక్కా! నీ ఎర్రచక్రం కాటా మనిషిని చంపేసింది! నీళ్ళబండిది!"

పానా అక్క నిదానంగా వెనక్కి తిరిగింది. అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని టైరు ఊడదీస్తున్నాడు. ఈల ఆగింది.

"నట్లు బిగించావా?"

"బిగించానత్తా."

"మళ్ళీ అడుగుతున్నా."

"పానా మీద ఎక్కి నిలబడి బిగించా. నువ్విక్కడే ఉన్నావు కదా, చూడలేదా?"

ఆమె చూడలేదు. చూడని చోట ఆమెకు తన అనుమానమే సాక్ష్యమైంది. పానా లేచింది. మొదటి దెబ్బకు మెడకూ భుజానికీ మధ్య ఎముక ఎండుపుల్లలా విరిగిన చప్పుడు కూతురికి కంప్రెసరు హోరులో కూడా వినిపించింది. అడ్డం పెట్టిన ముంజేతి మీద రెండో దెబ్బ. మూడోది తలకు గురిపెట్టినదే. కూతురు పరుగున వచ్చి మొగుడి మీద బోర్లా పడింది.

"కొట్టు. ముందు నన్ను కొట్టు."

పానా గాల్లోనే ఆగింది. "మనిషిని చంపాడే వీడు!"

"నువ్వు మాత్రం ఏం చేస్తున్నావమ్మా?"

పానా అక్క కూతుర్ని పక్కకు నెట్టేసింది. వాణ్ణి కాలర్ పట్టి ఈడ్చుకుపోయి టైర్ల కొట్టులో పడేసి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది. అల్లుణ్ణి కాపాడుకోవడానికే ఆ తాళం వేసిందని తరవాత కొందరు ఆమె పక్షాన చెప్పారు. అది నిజం కాదు. వాడు పారిపోకూడదని వేసింది.

క్వారీ బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి షెడ్డుకు అడ్డంగా ఆగాయి. అన్నిటి చక్రాలూ ఎర్రవే. ముందు దిగినవాడు చనిపోయినవాడి అన్న. ఎప్పుడో విరిగిన ఇరుసును ఒక్కడే భుజాన ఎత్తుకొచ్చాడని అతణ్ణి అందరూ ఇరుసన్న అనేవారు. చొక్కా ముందుభాగమంతా తమ్ముడి రక్తం. ఒళ్ళో పెట్టుకున్నట్టు తెలుస్తోంది. ఇద్దరు మనుషులు బండిలోంచి ఆ ఎర్రచక్రాన్ని దొర్లించి అతని వెనకే నేల మీద పడేశారు. అది గుండ్రంగా ఊగి ఊగి, లోపలివైపు పైకి వచ్చేలా పడుకుంది.

"అల్లుణ్ణి బయటికి పంపు," అన్నాడు ఇరుసన్న. గొంతు పెంచలేదు.

"పోలీసులు రానీ తమ్ముడూ."

"వాళ్ళు వచ్చేలోపు నాకు పనుంది."

నీళ్ళబండి డ్రైవరు అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. "వాడు బిగించలేదన్నా! ఈల వేసుకుంటూ పని చేస్తాడు వాడు! నా బండి మొన్నటిదాకా బంగారంలా నడిచింది!"

"ఒక ట్రిప్పేసి రమ్మన్నాను కదరా, వచ్చావా?"

"నువ్వు సరిగ్గా బిగిస్తే నేనెందుకు మళ్ళీ రావాలి?"

డ్రైవరు అబద్ధాలకోరే. అయినా ఆ ఒక్క ప్రశ్నలో న్యాయం ఉంది.

ఆ ప్రశ్నే వాళ్ళకు చాలింది. ఎవడో కంప్రెసరు మీది గాలి మీటరు అద్దం పగలగొట్టాడు. పేర్చిన టైర్లు కూలి రోడ్డు మీదికి దొర్లాయి. గ్రీజు డబ్బాను ఒకడు కాలితో తంతే అది బోల్తాపడి, మూత ఎగిరి అంచు మీద దొర్లుతూ వెళ్ళింది. ఇద్దరు కొట్టు తలుపును గడ్డపారతో పెకలించబోతుంటే కూతురు టైర్లు ఊడదీసే ఇనుప కడ్డీ పట్టుకుని అడ్డం నిలబడింది. ఒకడు ఆమె జుట్టు పట్టి నేలకు కొట్టాడు. ఆమె వాడి మణికట్టును పళ్ళతో పట్టి, నోట్లో రక్తం ఊరేదాకా వదల్లేదు. పానా అక్క వెనకనుంచి వచ్చి వాడి మోకాలి చిప్ప మీద పానా దింపింది. వాడు గొడ్డులా అరిచాడు. మిగతావాళ్ళు రాళ్ళెత్తారు. ఒక రాయి ఆమె నుదురు చీల్చింది, పానా చేతిలోంచి జారిపోయింది.

"ఆగండి!" అన్నాడు ఇరుసన్న. ఆగారు. అతను ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇవ్వక్కా. నీ కూతురి జోలికి ఎవడూ రాడు. నీ జోలికీ రాడు. నా మాట."

పానా అక్క చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. తాళంచెవి తీసింది. ఇచ్చేయడానికే తీసింది. ఎవరి ఏమరుపాటు వల్ల మనిషి చచ్చాడో వాడు అనుభవించాలన్నది ఆమె జీవితమంతా నడిచిన సూత్రం. అల్లుడికొక న్యాయం, డ్రైవరుకొక న్యాయం ఆమెకు లేవు. కూతురు నేల మీదినుంచి, "అమ్మా!" అంది. ఆ పిలుపుకు తల తిప్పుకోవాల్సి వచ్చి, చూపు చక్రం మీద పడింది.

చూడగానే చెయ్యి ఆగింది. ఆమె చక్రం పక్కన కూర్చుంది. బోల్టు చిల్లుల చుట్టూ ఎర్రరంగు చిక్కటి పిండిలా నొక్కుకుపోయి, పక్కలకు ఉబికి గట్టు కట్టి ఉంది. ఎంతో బలంగా బిగిస్తే తప్ప రంగు అలా ఉబకదు. అంటే వాడు బిగించాడు. పానా మీద ఎక్కి నిలబడే బిగించాడు. కానీ నట్టు పట్టింది ఇనుమును కాదు, నడుమ ఉన్న రంగును. బరువుకూ బ్రేకుల వేడికీ ఆ రంగు నలిగి పొడైపోయింది. గోటితో గీకితే రాలింది. రంగు పోయినంత మేరా సందు; ఆ సందులో చక్రం ఊగుతూ బోల్టుల్ని ఒక్కొక్కటిగా కొరికేసింది.

సగం చుట్టు. ఇన్నేళ్ళుగా ప్రతి బండికీ వచ్చిన ఆ సగం చుట్టు.

గ్రీజు మూత చక్రానికి జానెడు దూరంలో పడి ఉంది. ఆమె దాన్ని తీసుకుని చక్రం మధ్యలో పెట్టింది. చిల్లుల లెక్క కలవలేదు. తండ్రి కాలపు బండ్లకు ఆరు బోల్టులు, వీటికి ఎనిమిది. కానీ ఆ గుండ్రటి రేకు చక్రం ఇరుసు చివరి హబ్బుకు ఆనుకునే చోటును, ఆ చోటునే, గొడుగు పట్టినట్టు కప్పేసింది. రేకుకు ఒకవైపు ఎన్నో పూతల ఎర్రరంగు పెచ్చు కట్టి ఉంది. రెండోవైపు గ్రీజు తుడిస్తే ఒట్టి ఇనుము. అది మూత కాదు. రంగు వేసేటప్పుడు ఆ చోట రంగు పడకుండా ఆయన బోల్టులతో బిగించుకునే అడ్డురేకు. చెప్పకుండా పోయాడు, చెప్పేందుకు ముఖం మిగల్లేదు.

అక్కడున్న ఇంతమందిలో అది అర్థమైంది ఆమె ఒక్కతెకే. తాళంచెవి ఇంకా చేతిలోనే ఉంది. మాట్లాడకుండా ఊరుకుంటే అయిపోయేది. లోపలున్నవాడంటే ఆమెకు ఎలాగూ గిట్టదు. ఆ క్షణాన ఏమీ తోచలేదని ఆమె తరవాత కూడా అనలేదు. ఇచ్చేద్దామని ఇంకోసారి అనిపించిందనే చెప్పింది.

తాళంచెవిని కూతురి ఒళ్ళోకి విసిరి లేచింది.

"వాడు బిగించాడు. తప్పు రంగుది. రంగు నాది."

చక్రంమీది ఎర్రపొడి గీకి ఇరుసన్న అరచేతిలో పోసింది. "ఇది నట్టు కింద ఉండకూడదు. ఇనుమూ ఇనుమూ ఆనుకోవాలి. నేను నడుమ రంగు పోశాను. ఈ ఒక్కదానికే కాదు. మీ అన్ని బండ్లకీ."

"అల్లుణ్ణి కాపాడుకోవడానికి కథలల్లుతోందన్నా!" అన్నాడు నీళ్ళబండి డ్రైవరు.

"వాణ్ణా?" పానా అక్క నుదుటి రక్తం తుడుచుకుంది. "తలుపు తీసి చూడరా. వాడి ఎముకలు ఎవరు విరగ్గొట్టారో వాణ్ణే అడుగు. మీరు వచ్చే ముందే ఆ పని నేను చేశాను, తెలీక. ఇప్పుడు తెలిసి చెప్తున్నా. నా మాట వద్దు. మీ బండ్లకి పానా వేసి చూసుకోండి."

ఎవరో ఒకడు చూశాడు. తన బండి ముందుచక్రం నట్టుకు పానా తగిలించి మామూలుగా నొక్కాడు. నట్టు సగం చుట్టు మెత్తగా తిరిగింది. రెండోవాడు చూశాడు. వాడిదీ తిరిగింది. గుట్ట దిగి వచ్చిన మనుషులు తమ ఎర్రచక్రాల వైపు పామును చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. కొందరి బండ్లలో ఆ ఉదయమే పిల్లలు బడికి వెళ్ళారు.

ఇరుసన్న అరచేతిలో పొడిని చాలాసేపు చూసి, దాన్ని చొక్కా మీది రక్తానికే తుడిచాడు. నేలమీద ఉన్న పానా అందుకున్నాడు.

"ఏ చేత్తో వేశావు?"

"కుడి."

"పెట్టు."

కూతురు అరిచింది. పానా అక్క మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచెయ్యి తెరిచి, ఆ చక్రం మీద పెట్టింది. అతను ఒక్కటే దెబ్బ కొట్టాడు. వేళ్ళూ ఎముకలూ ఇనుముకూ ఇనుముకూ నడుమ నలిగాయి. ఆమె పెదవి తెగేలా కొరుక్కుంది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అతను మళ్ళీ పానా ఎత్తాడు, ఎత్తినవాడు దించలేకపోయాడు. దాన్ని పక్కన పడేసి, చక్రం అంచు మీద కూర్చుని, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.

అది న్యాయమని చెప్పడానికి వీల్లేదు. న్యాయం తరవాత కోర్టులో దాని నడకన అది నడిచింది. తప్పును ఆమెకు కొంత, చప్పుడు విని కూడా బండి ఆపని డ్రైవరుకు కొంత, మితిమీరిన బరువెత్తిన క్వారీకి కొంత పంచి, తలా ఒక శిక్ష వేసింది. ఆమె తన శిక్ష అనుభవించి వచ్చింది. చెయ్యి ఎవరు విరగ్గొట్టారని అక్కడ అడిగితే, "చక్రం కింద పడింది," అంది. ప్రమాణం చేసి ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.

కుడిచేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. పానా పట్టడం పోయింది, పేరు మాత్రం పోలేదు. అల్లుడి భుజం వంకరగా అతుక్కుంది. ఇప్పుడు నట్లు బిగించేది వాడే, ఒంటిచేతి మీద వేలాడుతూ. ఆమె పని ఒకటే: ఎడమచేత్తో ఇనుప బ్రష్షు పట్టి, తను ఇన్నాళ్ళూ వేసిన రంగును లోపలివైపు నుంచి ఊడగీకడం. అంతదాకా నట్లు పూటపూటా బిగించుకుంటూ నెట్టుకొచ్చిన ఆ దారి బండ్లన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. వచ్చినవాళ్ళలో కొందరు బండి దిగి ఆమె ముందు ఉమ్మేవారు. ఆమె ఆ ఉమ్ము దాటుకుని వెళ్ళి జాకీ పెట్టించేది.

ఆమె తిరిగొచ్చినా అల్లుడు చాలాకాలం మాట్లాడలేదు. అన్నం గిన్నె కూడా కూతురి చేతి మీదుగానే నడిచేది. ఒకరోజు, ఆమె మొండి రంగుతో కుస్తీ పడుతుంటే, వెనకనుంచి అన్నాడు.

"వీపుకి పౌడరొద్దని చెప్పానా లేదా అత్తా?"

పానా అక్క చేతిలో బ్రష్షు ఉంది.

"చెప్పావు," అంది ఆమె. బ్రష్షు ఆపి, "భుజం నొప్పెడుతోందా?" అని అడిగింది.

"వానొచ్చే ముందు పెడుతుంది."

"నాకూ అంతే," అని మళ్ళీ గీకడం మొదలుపెట్టింది.

అందరి బండ్లూ వచ్చినా ఇరుసన్న బండి రాలేదు. షెడ్డు ముందునుంచే ఎర్రచక్రాలతో దూసుకుపోయేది. అది వెళ్ళిన ప్రతిసారీ ఆమె లేచి నిలబడి మలుపు తిరిగేదాకా చెవి ఒగ్గి వినేది, మంచి చెవి అటు తిప్పి. అతని ప్రాణం కూడా తన చేతి మీదుగా పోతుందేమో అన్నది ఆమెకు నిద్ర లేకుండా చేసిన భయం. క్షమించమని కబురు పంపలేదు. బండి పంపమని మాత్రం పంపింది. ఎన్నోసార్లు పంపింది.

వానలకు ముందు ఒక ఉదయం ఆ బండి షెడ్డు ముందు ఆగింది. ఇరుసన్న దిగాడు. జాకీ తనే పెట్టాడు, నట్లు తనే విప్పాడు, చక్రాలు వరసగా ఆమె ముందు పడేసి, పక్కనే నిలబడ్డాడు. ఆమె ఎడమచేత్తో గీకింది. ఇనుము తెల్లగా బయటపడేదాకా గీకి, అతని వైపు చూసేది. అతను వంగి, బొటనవేలితో రాసి చూసి, తలూపితే తప్ప రెండోదానికి వెళ్ళేది కాదు. ఆఖరి చక్రానికి వచ్చేసరికి ఆమె ఎడమ అరచెయ్యి బొబ్బలు చిట్లి రక్తమోడుతోంది. అతను అదీ చూశాడు.

అల్లుడు నట్లు బిగించాడు. ఇరుసన్న బండెక్కి, అద్దం దించి, రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"మళ్ళీ రావాలా?"

"ఒక ట్రిప్పేసి రా."

అతను గుట్ట ఎక్కాడు. రాయి నింపుకుని దిగి, తిన్నగా షెడ్డు ముందుకు వచ్చి ఆపాడు. ఇంజను ఆపలేదు. అల్లుడు పానా తగిలించి, కాళ్ళు నేలకు ఆనకుండా దాని మీద వేలాడాడు. పానా అక్క నట్టు దగ్గరికంటా వంగి చూసింది.

నట్టు కదల్లేదు. అల్లుడు వరసగా అన్నీ చూశాడు. ఒక్కటీ కదల్లేదు. ఆమె నలిగిన చేతిని బండి పక్కరేకు మీద వేసి, పొమ్మని తట్టింది.